కరక్కాయ చొక్కా

నేను కుట్టిన చొక్కాల్లో నలుగురు పోలీసులు చుట్టూ చేరి పరిశీలించినది ఒక్కటే. అలాంటి ఆదరణ మీలో ఎవరికీ దక్కకూడదని కోరుకుంటున్నాను.

అప్పుడే ఫ్యాషన్ డిజైన్ చదివి బందరు వచ్చాను. లోకాన్ని బాగుచెయ్యడానికి కత్తెర చాలనుకునే వయసు. మా వీధి రత్నం మావయ్యది కలంకారీ అద్దకం. ఆయన బట్ట ఉతికే కాలవలోకి ఎవరో రసాయనాల రంగునీళ్లు వదులుతున్నారు. అది ఆగకపోతే ఆయన షెడ్డు మూతే. మంత్రిగారి సభలో చెప్పుకుందామంటే, అర్జీలు గేటు దగ్గరే లాగేసుకుంటారు. నల్లబట్ట కట్టినవాణ్ణయితే అటు చూడనివ్వరు.

"నలుపు లోపలికెళ్లాక పుడుతుంది మావయ్యా," అన్నాను.

కరక్కాయ రసంలో ముంచిన బట్ట లేత పసుపుగా ఉంటుంది. ఇనుము నానిన నీళ్లు తగిలితే నల్లబడుతుంది. అద్దకంలో మొదటి పాఠం అది. నా పథకం ఇదీ: ఆ బట్టతో కుట్టిన పసుపు చొక్కా వేసుకుని వెళ్లి, మంత్రిగారి ఎదుట ఆ నీళ్లు పోసుకుని నిరసనగా నల్లబడతాను. సీసా, అర్జీ మావయ్య సంచిలో.

"అరెస్టు చేస్తేనో?"

"పేపర్లో పడతాం."

క్యూలో గంట నిలబడ్డాం. భయానికి చెమట, చెమటకి చొక్కా తడి. ఇక నిలబడలేక, పక్కనున్న బారికేడ్‌ని కావలించుకున్నాను. తుప్పుపట్టిన ఇనప బారికేడ్. మీకీపాటికి అర్థమైపోయుంటుంది. నాకు డిగ్రీ ఉంది కదా, కాలేదు.

"ఏం బాబూ, ఆ నల్లచారలేంటి?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

చూసుకున్నాను. మెడ నుంచి నడుందాకా జైలు ఊచలు.

"ఇందాక లేవండీ."

"మరి ఎవరు గీశారు?"

"మీ బారికేడండీ."

ఆయన నవ్వలేదు. "విప్పు."

విప్పాను. బనీను మీదా చారలే.

"అదీ విప్పు."

పొట్ట మీదా చారలే. మిగతా ముగ్గురూ పరుగున వచ్చారు. ఇక విప్పడానికి నా దగ్గర చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. మనసులో అమ్మకి వీడ్కోలు చెప్పేశాను. ఒకాయన తడిరుమాలుతో నా పొట్ట రుద్ది చూశాడు.

"గట్టి రంగే," అన్నాడు.

అరగంట తిట్టి వదిలేశారు. బయట మావయ్య తాపీగా నిలబడి ఉన్నాడు.

"మంత్రిగారికి అర్జీ ఇచ్చేశాన్రా. సంచి తడమడానికి గేటు దగ్గర ఒక్కడూ లేడు, అందరూ నీ పొట్ట దగ్గరే ఉన్నారు. కాలవ చూడ్డానికి రేపు మనిషిని పంపుతామన్నారు."

తర్వాత నా చొక్కాని వెలుతురుకి పట్టి మురిసిపోయాడు. "ముప్పై ఏళ్లుగా అద్దుతున్నా, ఇంత నలుపు నాకెప్పుడూ రాలేదు. ఏ ఇనుంరా ఇది?"

"గవర్నమెంటుదే మావయ్యా."

ఆ రోజే కరక్కాయ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. బతికుండగా ఇంకెప్పుడూ గవర్నమెంటు నిలబెట్టిన దేనికీ ఆనుకోను.