పెరగడం ఆగిపోయిందన్న టేకు

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. పదో తరగతి తప్పి పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనికి కుదిరినా, ఆదివారాలన్నీ సంగారెడ్డి గ్రంథాలయంలోనే గడిపాను. అర్థం కాని పుస్తకాన్ని మూడుసార్లు చదివేవాణ్ణి. ప్రతి సంగతికీ ఒక కారణం ఉంటుందని, అది ఏదో ఒక బీరువాలో దొరుకుతుందని నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు.

మా ఊరు బొంతపల్లి దాటాక వస్తుంది. మా పొలం గట్టున మా తాత నాటిన టేకు చెట్టు ఒకటి ఉండేది. మా అన్న యాదయ్య, నేను దాని కిందే పెరిగాం.

ఎనభైల్లో ఒకసారి అడవుల ఆర్థికశాస్త్రం మీద ఒక పుస్తకం నా చేతికొచ్చింది. చెట్టును బ్యాంకులో వేసిన సొమ్ములా చూడాలని అందులో ఉంది. ఏటేటా పెరిగే లావే దానికి వడ్డీ. ఆ పెరుగుదల పడిపోయాక చెట్టును ఉంచుకోవడం నష్టమే, నరికేయాలి. నాకది అద్భుతంగా తోచింది. ఒక గుడ్డ టేపు కొని, ప్రతి ఉగాదికీ మా టేకు చుట్టుకొలత తీశాను. మూడేళ్లు కొలిస్తే నూలుపోగంత తేడా కూడా రాలేదు.

"అన్నా, ఇది పెరుగుడు ఆగింది. అమ్ముదాం" అన్నాను.

"ఉండనీరా లైబ్రరీ సారూ! నీ పుస్తకం వచ్చి దానికి నీళ్లు పోసిందా?" అని అన్న నవ్వాడు.

నేను వదల్లేదు. లెక్క వేసి చూపించాను. ఫారెస్టువాళ్ల పర్మిట్‌కు దరఖాస్తు కూడా నేనే రాశాను. చివరికి అన్న ఒప్పుకున్నాడు.

చెట్టు కూలేటప్పుడు మొద్దు అనుకున్న వైపు పడకుండా మెలితిరిగింది. ఒక కొమ్మ అన్న ఛాతీకి తగిలింది. మూడో రోజు పోయాడు.

కొనడానికి ఒప్పుకున్న వ్యాపారి, మనిషిని పొట్టనబెట్టుకున్న కొయ్య తనకొద్దన్నాడు. మొద్దు గట్టు మీదే పడి ఉంది. అదే ఏడు మా ఊరి గుడి ముందున్న పాత చెక్క మండపంలో ఒక మూల స్తంభాన్ని చెదలు తినేశాయి. వదిన సాయమ్మ పెద్దమనుషుల దగ్గరికి వెళ్లి, "మా కొయ్య తీస్కపోండ్రి. ఆయన ఏడనో ఒక్కకాడ నిలవడనీ" అంది.

అలాంటి కొయ్య గుడికి పనికిరాదని గొడవైంది. వడ్ల బ్రహ్మయ్య అనే వడ్రంగి ఒక దారి చెప్పాడు. "నిలవడనియ్యుండ్రి. దేవుని కప్పు మాత్రం మొయ్యొద్దు. అంతే గదా!"

అలాగే చేశాడు. స్తంభానికీ పైనున్న దూలానికీ మధ్య రెండు వేళ్ల సందు వదిలాడు. ఆ మూల బరువు పక్క స్తంభాల మీదికి పోయేలా అడ్డకర్ర వేశాడు. ఏటా అన్న తిథి రోజున వదిన నిచ్చెనెక్కి ఆ సందులో ఒక బంతిపువ్వు పెట్టేది. దాదాపు ఇరవై ఏళ్లు అలాగే జరిగింది.

2004 ప్రాంతంలో పాత కట్టడాల సంరక్షణ పనిమీద హైదరాబాద్ నుంచి కొందరు మా ఊరికి వచ్చారు. అప్పటికి నా ఫ్యాక్టరీ మూతపడింది. సామాను మోయడానికి మనిషి కావాలంటే నేను కుదిరాను. వాళ్ల దగ్గర మూడుకాళ్ల స్టాండు మీద తిరిగే లేజర్ యంత్రం ఉంది. దాని వెలుగు తగిలిన ప్రతిచోటు ఎంత దూరంలో ఉందో అది రాసుకుంటుంది. ఆ చుక్కలన్నీ కలిస్తే కంప్యూటర్‌లో మండపం మొత్తం కనిపిస్తుంది, వెంట్రుకంత పగులుతో సహా. నేను అడిగిన ప్రశ్నలకు ఇంజనీరు శైలజ మేడం ఓపిగ్గా జవాబు చెప్పేది.

తెర మీద మా స్తంభం పైన ఆ సందు నల్లటి గీతలా స్పష్టంగా కనిపించింది.

"ఇది ఏ బరువూ మోయట్లేదు అంజయ్యగారూ. ఊరికే నిలబడి ఉంది" అంది మేడం.

రిపోర్టులోనూ అదే రాశారు. పనికిరాని ఆ స్తంభాన్ని తీసేసి, అక్కడ ఇనుప స్తంభం నిలపాలన్నారు. గుడి కమిటీ సరేనంది. వదిన ఆ రాత్రి అన్నం తినలేదు.

"ఒక్కసారి నరికిచ్చినవు. మళ్లొకసారి పీకిస్తవా?" అంది నన్ను.

అప్పటికి నేను ఇంకో సంగతి కూడా చదివి ఉన్నాను. భూమి వేడెక్కి వానల వరస మారుతున్నకొద్దీ అడవుల పాత లెక్కలు తప్పుతున్నాయట. వానల్లేని ఏళ్లలో చెట్టు పెరుగుదల ఆపుకొని ఓర్చుకుంటుందట, మంచి వాన పడితే మళ్లీ అందుకుంటుందట. నేను కొలిచిన మూడేళ్లూ కరువు ఏళ్లే. ఆ చెట్టు పని అయిపోలేదు. అప్పుడది వాన కోసం ఎదురుచూస్తోంది. ఈ మాట వదినకు నేను ఎన్నడూ చెప్పలేదు.

ఇనుప స్తంభానికి డబ్బు మంజూరు కావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండు ఎండాకాలాలూ నిప్పుల్లా కాశాయి. ఊళ్లో బోర్లు ఎండిపోయాయి. రెండో ఏడు దసరా ముందు, అన్న తిథినాడు, వదిన నిచ్చెన దిగి నా దగ్గరికి వచ్చింది. చేతిలో బంతిపువ్వు అలాగే ఉంది.

"పువ్వు పోతలేదు అంజయ్యా. సందు లేదు."

"దూలం కుంగింది వదినె. గంతే" అన్నాను. నిజంగా అదే అనుకున్నాను.

నెల తర్వాత, స్తంభం తీసేముందు ఆఖరి రికార్డు కోసమని మేడం బృందం మళ్లీ వచ్చింది. పట్టపగలు, పది గంటలకు యంత్రం పెట్టారు. మధ్యాహ్నానికి పాతదీ కొత్తదీ రెండు స్కానులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది మేడం. కొత్తదాంట్లో ఆ నల్లటి గీత లేదు.

"మీరెవరైనా పైన చెక్క దోపారా?" అంది.

నేనే నిచ్చెనెక్కాను. చెక్క లేదు, మేకు లేదు. స్తంభం తల దూలానికి ఆనుకొని ఉంది. ఆ అతుకులో నిరుటి బంతిపువ్వు కాగితంలా నలిగి ఉంది. గోరుతో లాగితే రేకు చివర మాత్రం తెగి వచ్చింది.

గుడి పక్కన కదలని బండకు మొదటి స్కానప్పుడు కొట్టిన గుర్తుల నుంచి కొలిస్తే, దూలం పాత ఎత్తులోనే ఉంది. నా మాట తప్పని తేలింది. స్తంభం మొదలు కూడా పాత చోటే ఉంది. చెమ్మకు ఉబ్బిందా అంటే, ఆ ఏడు చెమ్మ ఎక్కడిది? పైగా కొయ్య ఉబ్బితే అడ్డంగా ఉబ్బుతుంది తప్ప, నిలువునా రెండు వేళ్లు పెరగదు. ఇది నేను చదివిందే, మేడమూ అదే అంది. లావు కూడా చుట్టూ కొంచెం పెరిగినట్టు తెర చూపించింది.

యంత్రంలో తప్పు ఉండొచ్చని మర్నాడు ఇంకో యంత్రం తెప్పించి మళ్లీ తీశారు. అదే వచ్చింది.

అంతలో ఇంకోటి బయటపడింది. బ్రహ్మయ్య వేసిన అడ్డకర్ర లోపల పూర్తిగా పుచ్చి, చీలి ఉంది. ఆ మూల కప్పు బరువంతా ఇప్పుడు మా స్తంభం మీదే ఉంది.

"దీన్ని తీస్తే కప్పు కూలుతుంది. ముట్టుకోవద్దు" అని మేడం కమిటీవాళ్లకు చెప్పింది. రిపోర్టులో కారణం అన్నచోట 'నిర్ధారించలేకపోయాం' అని రాసింది. ఆ కాగితం నకలు నా దగ్గరుంది. తర్వాత ఆ బృందం మళ్లీ రాలేదు.

వాళ్లు వెళ్లిన సాయంత్రం వదిన స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడింది. నా సంచిలో ఆ పాత గుడ్డ టేపు ఉందని ఆమెకు తెలుసు.

"పెరుగుడు ఆగింది అంటివి గదా అంజయ్యా. మళ్ల కొలుస్తవా?"

ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగానే అడిగింది. నేను టేపు బయటికి తీశాను గానీ, దాన్ని స్తంభం చుట్టూ తిప్పడానికి చెయ్యి రాలేదు. చుట్టి మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. ఇప్పటికీ కొలవలేదు.

చనిపోయినవాళ్లు తిరిగొస్తారని నేను ఈనాటికీ అనను. నరికిన కొయ్య నిలువునా ఎలా పెరిగిందో మాత్రం చెప్పలేను. వదిన ఇప్పుడు నిచ్చెనెక్కడం మానేసింది. పువ్వు స్తంభం మొదట్లో పెడుతుంది. పైన చోటు లేదు.