బండి ఆపే చోటు

మా బావకూ నాకూ పడదు. బావ అంటే మా ఆయన అన్న. ఇబ్రహీంపట్నంలో మాది ఒకటే ఆవరణ, రెండు వాటాలు, ఇద్దరికీ కలిపి ఒక నల్లా. నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే, నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, తమ్ముడి వైపు తిరిగి "చెప్పు నీ పెండ్లానికి" అంటాడు. ఆదిభట్లలో ఒక కంపెనీకి నేను స్టాఫ్ వ్యాన్ నడపడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే వరస. ఇంటి కోడలు స్టీరింగ్ పట్టుకుంటే ఆయన పరువు పోయిందట. పోతే పోనీ అనుకున్నాను.

అలాంటి మనిషితో ఒకే బండిలో కచ్ ఎడారికి ఎట్లా బయలుదేరావని అందరూ అడిగారు. అక్క కోసం. అక్క అంటే బావ భార్య, నా తోడికోడలు. ఫోనులో ఎవరో పెట్టిన వీడియో చూసింది. కనుచూపు మేర తెల్లటి ఉప్పు నేల. "చెల్లె, గది నిజంగ గట్లనే ఉంటదా?" అని అడిగింది. పోయి చూద్దామన్నాను. వ్యాన్ నాదే, పాతది. కంపెనీకి సెలవులు వచ్చినప్పుడు వెనక సీట్లు తీయించి, చెక్కలు కొట్టించి, ఇద్దరు ఆడవాళ్లు పడుకునేలా పరుపు వేశాను. మగవాళ్లకని ఒక డేరా కొన్నాం. మా ఆయన, అక్క, నేను పోదామని అనుకున్నాం. అంతా సిద్ధమయ్యాక బావ వచ్చి తమ్ముడితో అన్నాడు: "నా పెండ్లాన్ని అంత దూరం మీ భరోస మీద పంపుతనా? నేనొస్త."

పగలంతా గొడవ ఉండేది కాదు. ఆయన ముందు సీట్లో కూర్చుని ఎదురొచ్చే ప్రతి లారీనీ నాకు చూపించేవాడు, నాకు కళ్లు లేనట్టు. అది నేను పట్టించుకోలేదు. పొద్దు వాలుతుంటేనే అసలు తగువు మొదలయ్యేది. ఎక్కడ ఆగాలి?

మొదటి సాయంత్రం నాందేడ్ ఇవతల ఒక చెరువు కట్ట పక్కన ఆపాను. నేల గట్టిగా ఉంది. రోడ్డుకు కాస్త దూరం. కట్ట దిగువన తుమ్మ చెట్లు గుబురుగా ఉన్నాయి. బావ దిగనేలేదు.

"చెర్వు కాడ పండుకుంటరా ఎవరన్న? ఇద్దరాడోళ్లున్నరు. ఏమన్నయితే ఎవడు జవాబు? బంకుకు పొమ్మను."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు అర్థం నాకు తెలుసు. ఎందుకొచ్చిన గొడవ, పోనియ్యి అని. బండి తిప్పాను.

పెట్రోలు బంకులో లైట్లు ఉన్నాయి, పక్కనే చాయ్ హోటలు ఉంది, లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. బావ మంచం ఒకటి సంపాదించుకుని సుఖంగా పడుకున్నాడు. బాత్రూముకు తాళం. తాళంచెవి ఉన్నవాడు ఇంటికి పోయాడన్నారు. నేను బంకు వెనక్కి పోయి, డ్రైవర్లు ఎవరూ ఇటు రావడం లేదని చూసుకుని, ఎట్లాగో పని కానిచ్చుకున్నాను. అక్కను రమ్మంటే "నాకేం అయితలేదు, నువ్వు పో" అంది.

మర్నాడు జాల్నా దాటాక మళ్లీ అదే. కొండ పక్కన ఖాళీ బీడు చూపించాను. "దొంగలు కోసి పోతరు" అన్నాడు బావ. మళ్లీ బంకు. ఈసారి తాళం లేదు గానీ లోపల కాలు పెట్టేలా లేదు. బావకేం, గోడ వెనక్కి పోయి వచ్చేవాడు. వచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇగ చూడు, ఎంత సేఫ్ ఉన్నదో" అనేవాడు తమ్ముడితో. ఆయన భయం ఉత్తదని అనను. చీకట్లో తెలియని చోటంటే నాకూ గుండె దడే. కానీ ఆయనకు పనికొచ్చే చోటునే అందరికీ మంచి చోటని తీర్మానించేవాడు.

ధూలే దాటేసరికి అక్క ముడుచుకుని పడుకుంది. ఒళ్లు కాలుతోంది. నీళ్లిద్దామని సీసా తీస్తే నిండుగా ఉంది. పొద్దున నేను నింపిచ్చిన సీసా.

"అక్కా, నీళ్లు తాగుతలేవా?"

బావకు వినపడకుండా నా చెవిలో చెప్పింది. "తాగితే పోవాలె గదా. ఏడికని పోను? ఇంట్ల నుంచి ఎల్లినకాడికెల్లి గింతంతనే తాగుతున్న. ఇప్పుడు ఒంటికి పోతే మంట మండుతున్నది చెల్లె."

దారిలో ఒక చిన్న ఊళ్లో దవాఖాన కనిపిస్తే ఆపాను. డాక్టరమ్మ అక్క పొట్ట నొక్కి చూసి, మందులు రాసి, హిందీలో నా మీద కోప్పడింది. ఆడమనిషిని ఇట్లా ఎండగట్టి తిప్పుతారా అని. నేను తలవంచుకుని విన్నాను. బయటికి వచ్చి ఆ మాటలన్నీ బావ ముందు పెట్టాను. ఈసారి మా ఆయనతో చెప్పించలేదు.

"నోరున్నది గదా దానికి. చెప్పొద్దా?" అన్నాడు బావ.

"చెప్తే ఏం జేస్తుంటివి? తాళం పలగ్గొడ్తుంటివా? ఇగ బండి ఏడ ఆపాల్నో నేను జూస్త. నచ్చకపోతే బస్సున్నది."

"బండి నీదని ఎగుర్తున్నవా?"

"అవ్. నాదే."

ఎదురుగానే బస్టాండు. బావ వ్యాన్ తలుపు గుంజి సంచీ తీసుకున్నాడు. రోడ్డు దాటి అక్కడ నిలబడి, "దిగు, పోదాం" అని అక్కను కేకేశాడు. జనం చూస్తున్నారు. అక్క పరుపు మీద లేచి కూర్చుంది. దిగుతుందనే అనుకున్నాను. దిగలేదు. సీసా మూత తీసి, ఆయన చూస్తుండగా, సగం నీళ్లు తాగేసింది.

మా ఆయన రోడ్డు దాటి పోయాడు. బతిమాలతాడనుకున్నాను. "అన్నా, వదినకు పానం బాగ లేదు. నీకు కనవడ్తలేదా?" అన్నాడు. అన్న ఎదుట అంత గొంతెత్తడం నేను ఎన్నడూ వినలేదు. బావ ఏదో తిట్టి బస్సెక్కాడు.

ఆ సాయంత్రం చోటు వెతికే పని నా ఒక్కదాని మీదే పడింది. ఏమన్నా జరిగితే ఇంటికి పోయి బావ ముఖం ఎట్లా చూడాలి? పత్తి చేను పక్కన ఆగి అడిగితే చేనుగలామె కుక్కను ఉసిగొల్పింది. ఇంకో చోట ఒక ముసలాయన కర్ర ఊపుతూ వచ్చాడు. వెలుగు పోతుండగా, ఎండిన వాగుకు ఎగువన ఒక మిట్ట దొరికింది. రోడ్డు కనిపిస్తుంది, రోడ్డు మీదివాళ్లకు మేం కనిపించం. చుట్టూ కంప పొదలు. అక్క నా భుజం పట్టుకుని పొదల వెనక్కి పోయింది. తిరిగొచ్చి, "ఇంకిన్ని నీళ్లియ్యి" అంది.

అట్లాంటి చోట్లే చూసుకుంటూ పోయాం. తప్పుడు చోట్లూ తగిలాయి. ఒకచోట చీమలు డేరాలోకి వచ్చి మా ఆయనను నమిలేశాయి. ఇంకోచోట చీకటి పడ్డాక లేపి పంపించారు. మందులతో అక్కకు జ్వరం దిగింది, మంట తగ్గింది. కచ్ చేరాక ఉప్పు నేల మీద చెప్పులు విడిచి నడిచింది. "నిజంగనే గట్లనే ఉన్నది" అంది.

మేం తిరిగొచ్చేసరికి, నడిరోడ్డు మీద తనను దించేసిపోయామని బావ వాడంతా చెప్పి పెట్టాడు. వ్యాన్ ఆవరణలో పెట్టొద్దన్నాడు, జాగ తన పేరు మీద ఉందన్నాడు. సరే అని రోడ్డు పక్కన పెడుతున్నాను. అక్క తన వాటాలోకే పోయింది. ఆయన కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు.

మొన్న నాదర్‌గుల్ నుంచి చుట్టాలొచ్చారు. కచ్ మాట వచ్చింది. "ఏమున్నదాడ, ఉప్పే గదా. వట్టి ఆడోళ్ల షోకు" అన్నాడు బావ, అన్నం కలుపుకుంటూ.

అక్క కూర వడ్డిస్తోంది. "నువ్వు సగం తొవ్వల మర్లినవ్. నీకేం ఎరుక?" అంది.

చుట్టాలు నవ్వారు. బావ కంచం వదిలేసి లేచిపోయాడు. అక్క కంచం తీసి పక్కన పెట్టి, తర్వాతి మనిషికి వడ్డించింది. నాకు సంతోషమే అయింది, దాచుకోను. ఇప్పటికీ ఆయనా నేనూ నల్లా దగ్గర ఎదురుపడితే చెరో వైపు చూస్తూ బిందెలు నింపుకుంటాం.