దిగండి బాబుగారూ

పులిగడ్డ రేవులో బల్లకట్టు కోసం ఆగినప్పుడు, సోడా తాగుతూ నాకు కనిపించాడు కారు డ్రైవరు సీమోను. నిలబడి ఉన్నా అతని ఎడమచెయ్యి గాలిలో గేర్లు మారుస్తూనే ఉంటుంది. రేవొస్తే జనాన్ని దింపి, ఖాళీ కారునే బల్లకట్టు ఎక్కించడం అతని నియమం. కారు యజమాని శోభనాద్రిగారొక్కరే దిగరు. ఇప్పుడూ వెనకసీట్లో కునుకుతున్నారు. పూర్వం రథసారథులకు పరీక్షలు లేవు గాని, సీమోనుకు ఆ ఉదయమే బందరులో లైసెన్సు పరీక్ష. తప్పితే ఉద్యోగం పోతుంది.

“ఏమైందోయ్?”

“పరీక్షలో కారు నడుపుతుంటే కాలవ మీద చెక్కవంతెన వచ్చిందండీ. అలవాటుకొద్దీ ‘దిగండయ్యా’ అన్నాను.”

“ఇన్‌స్పెక్టరునా!”

“గొణుక్కుంటూనే నడిచి దాటారండీ. అవతల ఎక్కి, ‘నా ప్రాణం మీద నాకన్నా నీకే భయం ఎక్కువ. పో, పాసు’ అన్నారు.”

బల్లకట్టు ఒడ్డుకు తగిలింది. సీమోను నడిచివెళ్ళి, కారు వెనకతలుపు తీశాడు.

“దిగండి బాబుగారూ. ఇప్పుడు లైసెన్సుంది.”