పడుగు సాగిన వీధి

మొన్న మా తమ్ముడింట్లో నాలుగు రోజులుందామని డోన్ నుంచి పోయినప్పుడు, పొద్దున్నే వాళ్ళ కాలనీలోకి మైకు కట్టుకుని ఒక ఆటో వచ్చింది. పక్క మిట్ట మీద కొత్త లేఅవుటు వేస్తున్నారనీ, వీధులెలా ఉండాలో ఇళ్ళెలా ఉండాలో జనమే చెప్పాలనీ, సాయంత్రం బడి దగ్గరికి అందరూ రావాలనీ అరుచుకుంటూ పోయింది. తాగుతున్న కాఫీ పొలమారింది నాకు. ఎన్నాళ్ళకెన్నాళ్ళకు! నా ఈడువాళ్ళు, అందులోనూ మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళు ఇది చదువుతుంటే, ఆ మాటకు నాకు ముందు నవ్వెందుకొచ్చిందో, ఆ వెనకే గుండెలో ఎందుకు కలుక్కుమందో వేరే చెప్పనక్కర్లేదు.

మేం పుట్టి పెరిగింది కడప జిల్లాలో ఒక నేతగాళ్ళ వీధి. ప్రతి ఇంటి ముందుగదిలోనూ నేలలో తవ్విన గుంత, అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేసే మగ్గం. వీధి కూడా మాకు ఇల్లే. ఎండ ముదరకముందే పడుగు నూలును ఈ కొస నుంచి ఆ కొసదాకా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, అటొకరు ఇటొకరు నడుస్తూ కుంచెలతో దువ్వేవాళ్ళు. దాని కింద దూరి బడికి పోయిన పిల్లలం మేం. పోగు తెగిందంటే వీపు విమానం మోతే.

అందుకే మా వీధిలో ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా ఒక పద్ధతుండేది. పునాదికి ముగ్గు పోసి, ఆ గీత మీద కర్రలు పాతాక, మరునాడు పొద్దున ఆ ఇంటి ముందు పడుగు పరిచేవాళ్ళు. వీధిలో పెద్దామె ఎవరో కుంచె పట్టుకుని, రోజూ దువ్వినట్టే దువ్వుతూ ఆ కర్రల పక్కగా నడిచేది. మోచెయ్యి కర్రకు తగిలిందా, గోడ వెనక్కి జరగాల్సిందే. శెట్టిగారి అంగడికైనా అంతే, పూరిపాకకైనా అంతే. దాని మీద అప్పీలు లేదు.

మా నాయన ఇల్లు కట్టినప్పుడు కుంచె పట్టింది మా జేజి, అంటే నాయనను కన్నతల్లి. సొంత కొడుకు ఇల్లు కదా, చూసీ చూడనట్టు పోతుందిలే అని నాయన ధీమాగా నిలబడ్డాడు. నాలుగడుగులు వేసిందో లేదో, ఆమె మోచెయ్యి టక్కున తగిలింది. "గోడ నీదిరా, వీది నీది కాదు. ఎనక్కి జరుపు" అంది, వీధి వీధంతా చూస్తుండగా. నాయన ముఖం మాడ్చుకుని కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు, తిండి మాత్రం ఆమె వండిందే తిన్నాడు. మా ముందుగది ఇరుకైంది. ఆ ఇరుకులోనే మా తమ్ముడు మగ్గం నేర్చుకున్నాడు, నాయన పోయాక ఆ గుంతలోనే కూర్చుని సంసారం ఈదాడు.

నేను రైల్వేలో పనిచేసే మా ఆయనతో డోన్ చేరిన చాలా ఏళ్ళకు, ఊళ్ళో రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. ఎక్కడో కూర్చుని గీసిన గీత సరిగ్గా మా వీధిలోంచి పోయింది. ఎవరో వచ్చి గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేశారట, ఏమిటని అడిగితే పైనుంచి వచ్చిందన్నారట. ఆ పైన ఎవరుంటారో ఈనాటికీ మాకు తెలియదు. ముందుగదులు గుంతలతో సహా పోయాయి. అబద్ధమాడకూడదు, బదులుగా ఊరి బయట మిట్ట మీద పక్కా ఇళ్ళిచ్చారు. వానకు కారని కప్పు, కరెంటు, గడప దగ్గర కుళాయి. ఒక మెట్టు ముందుకు జరిగితే వీధంతా కూడి తగువాడుకునే మావాళ్ళు, ఆ సంబరంలో ఒక్కరంటే ఒక్కరు పడుగు తీసుకుపోయి అక్కడ పరిచి చూడలేదు. కట్టేది మనం కాదు కదా, కట్టేవాళ్ళకు తెలియదా అనుకున్నారు. ఎంత పిచ్చివాళ్ళం!

కొత్తింట్లో చేరగానే తమ్ముడు ముందుగదిలో గడ్డపార దించాడు. మోకాలి లోతుకే బండ తగిలింది. మగ్గాన్ని ఇటుకల మీద లేపి నిలబెడితే ఆడపిల్లలిద్దరూ పడుకునే చోటు పోయింది. సరే, అదీ సర్దుకున్నారు. పడుగు పరచడానికి వీధేది? నాలుగిళ్ళకొక మలుపు, మలుపుకొక కాలువ, నేలంతా వాలు, గంజి ఒక పక్కకే జారేది. ఒకరోజు ఆటో ఒకటి దూసుకొచ్చి పరిచిన పడుగంతా తెంపేసిందని ఫోనులో చెబుతూ మా మరదలు భోరుమంది. "ఇల్లు ల్యాకున్నా నేస్తాంటిమి వదినా, ఇల్లొచ్చినాక నేసేకి చోటు ల్యా" అంది. ఆ ఏడాదే వాడు మగ్గం విప్పేశాడు. ఇప్పుడు ఊళ్ళో బట్టలకొట్లో పని; మిషన్ల మీద నేసిన చీరలు కొనేవాళ్ళ ముందు విప్పి చూపించి, మళ్ళీ మడతలు పెడతాడు.

ఆ సాయంత్రం నేనే వాణ్ణి చెయ్యి పట్టి బడికి లాక్కుపోయాను. వచ్చిన అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు, మా మధ్యకు వచ్చి నిలబడి ఏం కావాలో చెప్పండని అడిగాడు. కొందరు కుళాయిలన్నారు, కొందరు లైట్లన్నారు. పొడుగాటి వీధి ఒక్కటైనా వదలమని అడగరా అని తమ్ముడి చెవిలో పోరాను. వాడు లేచి చేతులు కట్టుకుని, "సార్, పొద్దున ఆటోకి నిలబడేకాడ నీడ ల్యా సార్. రేకులు ఏపిస్తే శానా మేలు" అన్నాడు. అధికారి రాసుకున్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. మగ్గం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఆ బడిలో కూర్చున్నవాళ్ళలో నేసేవాళ్ళెవరూ మిగల్లేదు మరి.

నాకు ఒళ్ళు మండింది, దారిలో నాలుగు తిడదామనుకున్నాను. కానీ వాడి ముఖం వెలిగిపోతూ ఉంది. "అడిగినాడక్కా మమ్మల్ని, పిల్చి మరీ అడిగినాడు" అంటూ ఇల్లు చేరేదాకా అదే మాట. చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ వాడి వెనక నడిచాను. మన వీధి గురించి మనల్ని ఒకరు అడగడం ఇంతగా సంతోషపడాల్సిన సంగతని మా చిన్నప్పుడు మాకు తెలియనే తెలియదు.