ఐదు జతల చెప్పులు, ఒక కరెంటు కారు

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. బొగ్గు బాయి కార్మికుడి భార్యను. మా గోదావరిఖని క్వార్టర్లలో ఏ వాకిట్లో కూర్చున్నా ఒక కథ వినిపించేది. బాయిలో కప్పు కూలి చనిపోయిన ఫలానాయన షిఫ్టు మారే వేళకు కనిపించాడని, దీపం పట్టుకుని ముందు నడిచాడని. మా ఆయనను అడిగితే, "ముప్పై ఏండ్లు దిగిన. నాకైతే ఒక్కడు గూడ కనబడలే. కనబడితే బీడీ అడుగుదునని జేబుల పెట్టుకోని తిరిగిన" అనేవాడు. ఆ మాట నేను పదిమందికి చెప్పి నవ్వించేదాన్ని.

ఇప్పుడు రాసేది చీకట్లో జరిగింది కాదు. ఎండ మండిపోతున్న పట్టపగలు, నలుగురు పెద్దవాళ్ల కళ్ల ముందు జరిగింది. ఆ నలుగురిలో నేనొకదాన్ని.

మా అల్లుడు రాజేందర్‌ది కరీంనగర్. పాత కార్లు చూసిపెట్టడం అతని పని. ఎవరైనా వాడిన కారు కొనాలనుకుంటే ముందు అతను నడిపి చూస్తాడు. మంచీ చెడూ ఫోనులో వీడియో తీసి చెబుతాడు. చాలామంది చూస్తారు. మొన్న ఏప్రిల్‌లో హైదరాబాద్ సారు ఒకాయన తన కారు అమ్ముతానంటే, మూడు రోజులు నడిపి చూస్తానని తెచ్చాడు. పెద్ద కారు. పెట్రోలు లేదు, డీజిలు లేదు, కరెంటు మీద నడుస్తుంది. బాగుంటే తనే ఉంచుకోవాలని అల్లుడి ఆశ.

అది మా క్వార్టర్ ముందు వచ్చి ఆగితే నాకు తెలియనే లేదు. చప్పుడే లేదు. బియ్యం చెరుగుతూ తలెత్తితే నల్లగా నిగనిగలాడుతూ వాకిట్లో ఉంది.

మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత వేలి కణుపుతో పైకప్పు మీద కొట్టి, చెవి పెట్టి విన్నాడు. బాయిలో పనిచేసినవాళ్లకు అది పోని అలవాటు. కింద నిలబడే ముందు కప్పును కొట్టి విని, గట్టిదో డొల్లదో తేల్చుకుంటారు.

"ఇదేంది రాజేందర్, పైన గూడ అద్దమేనా?"

"అద్దమే మామా. ఆకాశం కనబడతది."

"బాయిల ముప్పై ఏండ్లు ఆకాశం లేక బతికిన. బండిల గూడ జర కప్పు ఉండనియ్యరాదురా. ఎండకు మాడిపోమా?"

మా బిడ్డ స్వప్న పెళ్లైన ఆరేళ్లకు మిన్ను పుట్టింది. పుడితే వేములవాడ రాజన్న గుడిలో కోడెదూడను కడతామని పుట్టకముందే మొక్కుకున్నాం. ఆ సోమవారం ఆ మొక్కు తీర్చాలని వేములవాడ బయలుదేరాం. ముందు అల్లుడు, మా ఆయన. వెనక నేను, స్వప్న, మధ్యలో మూడేళ్ల మిన్ను.

దారి పొడుగునా అల్లుడు నాతోనే మాట్లాడించాడు. "అత్తమ్మా, మీరే చెప్పుండ్రి. పెద్దమనిషి మాట జనం నమ్ముతరు" అని స్వప్న చేతికి ఫోను ఇచ్చి వీడియో తీయించాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. కూర్చుంటే సీటు మెత్తగా ఉంది గానీ, కింద బ్యాటరీ ఉండడం వల్లనట, నేల ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకొస్తాయి, పీట మీద కూర్చున్నట్టే. పెద్దపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే ఒక్కసారి తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది, గుండె గొంతులోకొచ్చింది. "ఏం చూస్కోని ఉరుకుతున్నవ్ రా, వెనక ముసల్దుంది" అని అరిచాను. మిన్ను మాత్రం చప్పట్లు కొట్టి మళ్లీ మళ్లీ అంది. స్పీడుబ్రేకర్ వస్తే బండి కడుపు గీసుకుంటుంది. తలుపు ఊరికే ఆనిస్తే చాలు, తనే మెల్లగా లాక్కుని మూసుకుంటుంది. అది నాకు బాగా నచ్చింది. మా ఇంట్లో తలుపు వేస్తే నాలుగిండ్లకు వినిపిస్తుంది.

ఆ మెత్తని తలుపే మా కొంప ముంచబోయింది.

వేములవాడలో బండ్లు ఆపే జాగాలో దిగేసరికి పదకొండు. నీడ లేదు. మా ఆయనకు బాయి నుంచి తెచ్చుకున్న అలవాటు ఇంకొకటుంది. బాయిలో దిగేవాడు తన నంబరు బిళ్ల ఇచ్చి దిగాలి, పైకొచ్చాక బిళ్ల తీసుకోవాలి. బిళ్లలు లెక్క సరిపోతే మనుషులు సరిపోయినట్టు. ఇంటివాళ్లతో ఎక్కడికి పోయినా ఆయన ఆ లెక్కే పెట్టేవాడు. గుడికి పోతే చెప్పులు లెక్క. ఎవరు దిగితే వాళ్లు చెప్పులు విప్పి డిక్కీలో పెట్టాలి. ఎన్ని జతలు డిక్కీలో ఉంటే అంతమంది దిగినట్టు. ఇరవై ఏళ్లుగా తప్పలేదు ఆ లెక్క. మేము ఎంత ఎగతాళి చేసినా మానలేదు.

ఆ రోజు కూడా డిక్కీలో వంగి లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. గీ చిన్నయి ఐదు. అందరు దిగిన్రు. ఏసెయ్ రాజేందర్."

మిన్ను దిగిన మాట నిజం. నిద్రలో లేపి దింపితే ఏడుపు మొహం పెట్టి, తన చెప్పులు తనే తెచ్చి తాత చేతికిచ్చింది. నేను కొబ్బరికాయల సంచి సర్దుతున్నాను. స్వప్న కొంగు సరిచేసుకుంటూ తెరిచి ఉన్న వెనక తలుపును మోచేత్తో అలా ఆనించింది. అది మెల్లగా మూసుకుంది. ఆ మధ్యలో మిన్ను మళ్లీ లోపలికి ఎక్కి, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య కింద, ఏసీ చలికని నేను తెచ్చుకున్న శాలువాలో ముడుచుకుని పడుకుందని ఎవరూ చూడలేదు.

సోమవారం జనం. కోడె మొక్కు వరుసలో స్వప్న, అల్లుడు నిలబడ్డారు. నేను, మా ఆయన దర్శనం వరుసలోకి పోయాం. పిల్ల తల్లిదండ్రుల దగ్గర ఉందని మేమనుకున్నాం. తాత ఎత్తుకుపోయాడని వాళ్లనుకున్నారు. ఫోన్లు అన్నీ డిక్కీలోని సంచిలో ఉన్నాయి.

గంటన్నర తర్వాత గుడి ముందు కలిశాం. స్వప్న నుదుట పసుపు బొట్టుతో నవ్వుతూ వచ్చింది.

"అవ్వా, మిన్ను ఏది?"

నేను నవ్వుతూనే, "నీ దగ్గర లేదా?" అన్నాను.

ఆ తర్వాత నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా ఆయన మాత్రం పెదవులు కదుపుతూ మళ్లీ లెక్కపెడుతున్నాడు. ఐదు అనగానే ఆయన మొహంలో రక్తం లేదు.

"చెప్పులు లెక్కపెట్టిన. పిల్లను చూడలే" అన్నాడు.

ఉరికాం. నేల పెనంలా ఉంది. ఎవరి కాళ్లకూ చెప్పుల్లేవు. బాయిలో కప్పు కూలినప్పుడు విరిగిన కాలితో కుంటే మనిషి ఆయన. అందరికంటే ముందు ఆయనే ఉరికాడు. దారిలో ఎవరో తిడుతున్నారు, ఎవరో ఏమైందమ్మా అంటున్నారు. నాకు కనిపించేదల్లా ఆ అద్దపు కప్పు. ఏప్రిల్ ఎండ, అద్దం కప్పు, మూసిన తలుపులు, గంటన్నర. ఏం చూడబోతున్నానో నాకు తెలుసు. తెలిసీ ఉరుకుతున్నాను.

అల్లుడు నడుం దగ్గర దోపిన తాళం తీసి నొక్కగానే తలుపుల్లో దాగిన పిడులు బయటికొచ్చాయి. వెనక తలుపు నేనే లాగాను.

చల్లగాలి నా మొహానికి కొట్టింది.

లోపల ఏసీ నడుస్తోంది. మిన్ను కింద లేదు, సీటు మీద ఉంది. శాలువా ఛాతీ దాకా కప్పుకుని పడుకుంది. నేను పిల్ల గౌను వెనక చెయ్యి పెట్టి చూశాను. చెమట చుక్క లేదు. వీపు చల్లగా ఉంది. కదిపితే కళ్లు తెరిచి, "అమ్మమ్మా, గుడి అయిపాయెనా?" అంది.

స్వప్న అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మా ఆయన కారు పక్కన నిలబడి, రెండు చేతులతో ఆ అద్దపు కప్పును పట్టుకున్నాడు. కాలుతున్నా వదలలేదు. అరచేతులు ఎర్రగా కమిలాయి. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఇంటికొచ్చేదాకా ఆయనకు తెలియనే లేదు.

నీళ్లు తాగి కాస్త కుదుటపడ్డాక అల్లుడు డ్రైవర్ తలుపు తెరిచాడు. ఎక్కబోయి ఆగిపోయాడు. అతను ఆరడుగుల మనిషి. సీటు ఎంత ముందుకు జరిగి ఉందంటే అతని మోకాళ్లు స్టీరింగ్‌కు అడ్డం పడ్డాయి.

"అత్తమ్మా, నేను గిట్ల పెట్టలే" అన్నాడు.

చూసినవి చూసినట్టు చెబుతాను. దిగేటప్పుడు తెర మీద ఛార్జింగ్ అరవై మూడు. ఆ అంకె మా ఆయన చదివాడు, అంకెలు ఆయన మరిచిపోడు. వచ్చాక కూడా అరవై మూడే. గంటన్నర ఏసీ నడిస్తే ఒక్కటైనా తగ్గాలి అంటాడు అల్లుడు. బండి ఎండకు వేడెక్కితే తనంతట తను చల్లబరుచుకునే ఏర్పాటు ఏదో ఉందట. అది తీసేసి ఉంది, అల్లుడు తెరలో చూపించాడు. ఉన్నా సీటును జరపదు. పిల్ల నొక్కిందేమో అనుకున్నాం. తాళం దగ్గర లేకుండా అల్లుడు నొక్కి చూశాడు, ఏదీ కదలలేదు. తాళం గుడిలో అతని నడుం దగ్గరే ఉంది. మిన్నును అడిగితే, "కింద పన్న. మల్ల పైన పన్న" అంది. ఎవరు పైన పండబెట్టారంటే తల అడ్డంగా ఊపింది. అంతే. ఇంకేం చెప్పలేదు, ఆ తర్వాత కూడా చెప్పలేదు.

అక్కడి నుంచే అల్లుడు కారు సారుకు ఫోను చేశాడు. మేమందరం వినేలా పెట్టాడు.

"సార్, మీ ఫోన్ల నుంచి గీ బండి ఏసీ ఏస్తిరా?"

"లేదండీ. బండి మీకిచ్చిన రోజే దాని యాప్ నా ఫోనులోంచి తీసేశాను. ఏమైంది?"

అల్లుడు పిల్ల సంగతి చెప్పాడు. ఏసీ సంగతి చెప్పాడు.

"పాప బాగుందా?"

"మంచిగుంది సార్. ఆడుకుంటుంది."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు ఫోనులో వినిపించాయి.

"డ్రైవర్ సీటు ముందుకు జరిగి ఉందా?" అన్నాడు.

సీటు మాట మేము అప్పటికి ఎత్తనే లేదు. అల్లుడు నా వైపు చూశాడు.

"ఉంది సార్."

"ఏసీ ఎంత మీద ఉంది?"

తెర చూసి, "ఇరవై ఆరు" అన్నాడు.

"రేపు నేనే వస్తాను. బండి ఎవరికీ అమ్మను. ఏమీ అనుకోకండి."

మరునాడు ఆయన పెద్దపల్లిలో రైలు దిగి మా క్వార్టర్‌కు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, పొడుగాటి, నెమ్మది మనిషి. చాయ్ చేతిలో చల్లారిపోయింది, తాగలేదు. ఆయన చెప్పింది నాలుగు మాటలే. వాళ్లమ్మ పొట్టి మనిషి, అరవై దాటాక కారు నేర్చుకుంది. మధ్యాహ్నం బడి వదిలే వేళకు మనవళ్ల కోసం ఈ కారే తీసుకెళ్లేది. పిల్లలు వచ్చి కూర్చునేసరికి బండి చల్లగా ఉండాలని ముందే ఏసీ వేసి ఉంచేదట. ఇరవై ఆరు కంటే తగ్గనిచ్చేది కాదు, జలుబు చేస్తుందని. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె సీటు కొలత, ఆమె పేరు, అన్నీ తన చేత్తోనే కారులోంచి తీసేశానని చెప్పాడు. "చూడలేక తీసేశానమ్మా" అన్నాడు.

మా ఆయన అప్పటిదాకా మూలన కూర్చున్నాడు, అరికాళ్లకు గుడ్డలు చుట్టుకుని. లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"సారూ, లెక్క నేను తప్పిన. మీ ఇంటోళ్లు సరిజేసిన్రు."

ఆ సారు ఏడ్చాడు. మా ఆయన కూడా.

నేను నమ్మానా అంటే, ఏం నమ్మాలో నాకు ఇప్పటికీ తెలియదు. కరీంనగర్‌లో తెలిసినవాళ్లందరికీ అల్లుడు ఆ బండి సంగతి చెప్పాడు. ఒకరు వైరు అన్నారు, ఒకరు కంప్యూటర్ అన్నారు. సరే, వైరే అనుకుందాం. కింద పడుకున్న పిల్లను వైరు ఎత్తి సీటు మీద పండబెడుతుందా? శాలువా కప్పుతుందా? అట్లాగని ఆమెను చూసినవాళ్లమూ కాము. ఆ వీడియో అల్లుడు ఎక్కడా పెట్టలేదు.

మా ఆయన ఇప్పుడు చెప్పులు లెక్కపెట్టడం లేదు. ఎక్కడికి పోయినా ఒక్కొక్కరి నెత్తిన చెయ్యి పెట్టి పేరు పిలుస్తాడు. నేను కూడా పలకాలి. "ఆ, ఉన్న" అంటే గాని కదలనివ్వడు.

సారు వెళ్లేటప్పుడు మిన్నును చూస్తానన్నాడు. వాకిట్లో ఆడుతుంటే పిలిచాను. దగ్గరికి వచ్చింది. తల నిమిరాడు. కారు దగ్గరికి పోయాడు. సీటు మేము ముట్టుకోలేదు. అల్లుడు కూడా వేములవాడ నుంచి ఆ సీటు మీదే మోకాళ్లు ముడుచుకుని, తిప్పలు పడి తెచ్చాడు. సారు వెనక్కి జరుపుకుంటాడనుకున్నాను. జరుపుకోలేదు. అంత మనిషి ముడుచుకుని కూర్చుని, తలుపు మెల్లగా ఆనించాడు.

చప్పుడు లేకుండా కారు కదిలింది. మిన్ను మా ఆయన భుజం మీదికెక్కి, ఎవరూ చెప్పకుండానే, అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.