మిలట్రీ తాత పేనిన గోగునార తాడు

మా చిన్నప్పుడు మా పెరట్లో ఒక తాడు ఉండేది... దాని జోలికి వెళ్తే ఎవరికైనా సరే వీపు విమానం మోతే.

ఇరవై మూడేళ్ళ పిల్ల 'చిన్నప్పుడు' అంటోందేమిటని నవ్వకండి. మాకూ ఒక చిన్నప్పుడు ఉంటుంది! టచ్ ఫోన్లు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మా తాతని ఊరంతా 'మిలట్రీ తాత' అనేవారు. మంచుకొండల్లో కాపలా కాసి, తిరిగొచ్చి, పల్లంలో రెండెకరాల వరి, మెట్టలో కాస్త గోగు వేసుకుని బతికాడు. పొలానికి వెళ్ళే ముందు కూడా గడ్డం గీసుకునేవాడు... గొడ్లసాలలో పలుపులు కూడా వరస తప్పకుండా వేలాడాలి ఆయనకి.

నాయనమ్మకి నీటికాసులొచ్చి రెండు కళ్ళూ పోయాయి. నేను పుట్టకముందు మాట. ఆ కొత్తలో ఆవిడ మంచం దిగడమే మానేసిందట. పెరట్లోకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి... అది ఆవిడకి చావుతో సమానం.

అది చూసి తాత పనిలోకి దిగాడట. పెరట్లో వరసగా రాటలు పాతాడు. తన మెట్టలో పండిన గోగు కోసి, కట్టలు కట్టి గుంటలో ఊరేశాడు. ఊరిన గోగు వాసన తెలిసినవాళ్ళకి తెలుసు... మూడు రోజులు ముద్ద దిగదు. నార ఒలిచి, ఎండేసి, తొడ మీద పేని, పెరటి గుమ్మం నుంచి నూతి దాకా, అక్కడి నుంచి గొడ్లసాల దాకా నడుమెత్తున తాడు కట్టాడు. చేతికి ఒక ముడి తగిలితే మెట్టు ఉందని. రెండు ముళ్ళయితే మలుపని. మూడు తగిలాయంటే నుయ్యి వచ్చింది, ఆగమని. ఏటా దసరా వెళ్ళాక పాతది తీసి కొత్తది కట్టేవాడు.

సాయంత్రం పొలం నుంచి వస్తూ ఒక వరి మొక్క పీక్కొచ్చి ఆవిడ చేతిలో పెట్టేవాడు. "సూడు... పొట్టకొచ్చినాది," అనేవాడు. ఎప్పుడూ 'సూడు' అనే అనేవాడు. ఆవిడ వేళ్ళతో తడిమి, "ఈపాలి గింజ గట్టిగుంటాది," అనేది. చూసి చెప్పినట్టే ఉండేది మాకు.

ఇక నా ఘనకార్యం వినండి.

నాలుగో తరగతి వేసవి సెలవులు. తాత మెట్టకి, అమ్మానాన్నలు సంతకి వెళ్ళారు. నాకు చింతచెట్టుకి ఉయ్యాల కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. ఇల్లంతా వెతికాను, పలుపులు పొట్టివి, చేదతాడు సన్నం... ఉన్నది ఆ ఒక్కటే. గుమ్మానికీ నూతికీ మధ్య ఉన్నదంతా విప్పేశాను. ఊగుతుంటే, అబ్బ, నా అంత సుఖం లోకంలో ఎవరికీ లేదు!

అప్పుడు నాయనమ్మ చెంబు పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది.

మా నూతి చుట్టుగోడ మోకాలెత్తు కూడా ఉండదు. అరిస్తే ఉలిక్కిపడుతుందేమోనని కాళ్ళు నేలకి రాసి ఉయ్యాల ఆపాను. ఆవిడ చెయ్యి చాచింది... తాడు లేదు. ఒక్క క్షణం ఆగి, చెయ్యి దించేసింది. మెట్టు దిగింది. తిన్నగా నడిచి, మలుపు దగ్గర తిరిగి, నూతికి సరిగ్గా రెండడుగుల ఇవతల ఆగింది. చేద వేసి నీళ్ళు తోడుకుంది.

"ఒలే గుంటా... ఊగింది సాలు. మీ తాతొచ్చే యేలయినాది, ఆ తాడు కట్టెయ్," అంది, నా వైపు తిరగకుండానే.

ఏడుస్తూ వెళ్ళి కాళ్ళకి చుట్టుకుపోయాను. "నీకు తాడు అక్కర్నేదేటి నాయనమ్మా?"

"నా పెరడు నాకు తెల్దేటే? మొదటి ఏడాదే వొచ్చీసినాది."

"మరి రోజూ ఎందుకు పట్టుకుంతావు?"

ఆవిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పింది. మంచుకొండల్లో డేరాకీ డేరాకీ మధ్య తాడు కట్టుకునేవారట... మంచు కురిస్తే ఎవరి చెయ్యి వాళ్ళకే కనబడదు కాబట్టి. ఒకరోజు ఆ తాడు సరిచూసే వంతు తాతది. సరిగ్గానే చూశాడు... కానీ తర్వాత గాలికి తెగిపోయింది. తాతతో ఒకే కంచంలో తిన్న స్నేహితుడు, ఇరవై అడుగుల దూరంలో ఉన్న డేరా దొరక్క, మంచులోనే ఉండిపోయాడు.

"అప్పటి నుండి ఆ మడిసికి నిద్దర నేదే. అన్నీ కలవరింతలే. నాకీ తాడు కట్టినాక తగ్గినాయి. నాను పట్టుకుని నడుత్తంటే సూసి ఆయన పేణం కుదుటపడతాది. మరి పట్టుకోవాలా, వొద్దా? నువ్వు మీ తాతకి సెప్పకు."

చెప్పలేదు. ఏ ముడి ఎక్కడ ఉండాలో ఆవిడే తడిమి చూపిస్తే, ఇద్దరం కలిసి కట్టేశాం. తాత వచ్చాడు. వస్తూనే తాడు వైపు చూసి, ఒకచోట లాగి చూశాడు... నాయనమ్మ గబగబా లేచి, తాడు పట్టుకుని, ఒక్కొక్క ముడీ తడుముకుంటూ నూతి దగ్గరికి నడిచింది. ఆయన అలా చూస్తూ నిలబడిపోయాడు. నేను వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడ్డాను. అప్పటి బుర్రకి ఎంత అర్థమైందో గానీ, మళ్ళీ ఆ తాడు జోలికి వెళ్ళలేదు. ఇంత గొప్పవాళ్ళింట్లో పుట్టానా అని ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు.

నేను ఇంటర్‌లో ఉండగా తాత పోయాడు. దినం అయి, చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న నాయనమ్మ ఎప్పటిలాగే చెంబు పట్టుకుని పెరట్లోకి దిగింది. తాడు పట్టుకోకుండానే నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎటు తిరగాలో తెలియలేదు ఆవిడకి.

"ఒలే గుంటా... తాడేదే?" అంది.

తాడు జానెడు దూరంలోనే ఉంది. ఆవిడ చెయ్యి తీసి దాని మీద పెట్టాను. రెండు చేతులతోనూ పట్టుకుంది.

ఇప్పుడు మా వైపు గోగు వేసేవాళ్ళే తగ్గిపోయారు. తాడు కావాలంటే బజారుకెళ్ళి ప్లాస్టిక్‌ది తెచ్చుకుంటారు. దసరా వెళ్ళాక నేనే ఎక్కడో నార వెతికి తెచ్చి, వంకరటింకరగా పేనుతున్నాను. "మీ తాత ముడి ఇలాగుండదే," అని వెక్కిరిస్తుంది నాయనమ్మ.

మీ ఇళ్ళల్లో మీవాళ్ళు చేత్తో చేసిపెట్టినది ఏదైనా మిగిలుందా? ఉంటే కింద రాయండి... అన్నీ చదివి నాయనమ్మకి వినిపిస్తాను. ఇక్కడే అరుగు మీద కూర్చుంది, తాడు కొస పట్టుకుని.