దిమ్మను రద్దు చేసే గీత

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, రిటైర్‌మెంటుకు కొద్దిగా ముందు, భద్రాచలంలో పెట్టిన ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాపుకు నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నేను అసోసియేట్ ప్రొఫెసర్ని. ప్రింటు అనగానే "జిరాక్సా సార్?" అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మండేది. అక్కడా మొదటిరోజే అడిగారు.

పూర్వం చెక్క దిమ్మలతో ఎక్కువగా పుస్తకాలకు బొమ్మలు అచ్చేసేవారు. కెమెరా వచ్చి ఆ పని లాగేసుకున్నాక చెక్కా, రాగిరేకూ, బొమ్మ గీసి అచ్చుతీసే లితో రాయీ చిత్రకారుడి చేతికి మిగిలాయి. ప్రతి ప్రింటు మీదా పెన్సిలుతో సంతకం, వరస సంఖ్య వేయడం అలవాటైంది. పది ప్రింట్లని చెబితే పదే తీయాలి. ఆ తర్వాత మళ్లీ ఎవరూ ప్రింట్లు తీయకుండా దిమ్మ మీద గీత చెక్కి రద్దు చేస్తాం. రద్దయిందనడానికి రుజువుగా ఇంకొక్క ప్రింటు తీసి ఫైలులో పెడతాం. ఆ రుజువు లేనిదే వర్క్‌షాపు తర్వాత హైదరాబాదులో పెట్టే ప్రదర్శనకు తీసుకోరు.

అశ్వారావుపేట దగ్గరి గూడెం నుంచి వచ్చిన కమల అంగన్‌వాడీ టీచరు. చెక్క దిమ్మ మీద చనిపోయిన తల్లి ముఖం చెక్కింది. ఆ తల్లికి ఆధార్ కార్డు ఫొటో తప్ప మరొకటి లేదట. "అండ్ల మా అమ్మ దొంగ లెక్క ఉంటది సార్" అంది. తల్లిని ప్రదర్శనలో నలుగురూ చూడాలని ఆమె ఆశ. పది ప్రింట్లూ శుభ్రంగా వచ్చాయి.

అలవాటు ప్రకారం రద్దు గీత నేనే చెక్కబోయాను. ఆమె దిమ్మను లాక్కుని గుండెకు హత్తుకుంది.

"మా అమ్మ మొకం మీద గీత కొడ్తరా? ఏంది సార్ గిది!"

గీత లేకపోతే ప్రింట్లు ఇంటికే తీసుకుపోవాలని చెప్పాను, కాస్త కటువుగానే. ఆమె దిమ్మను ఒళ్లో పెట్టుకుని తల్లి ముఖాన్ని వేలితో తడిమింది. చివరికి, గీత ఎట్లయినా ఉండొచ్చా అని అడిగింది. ప్రింటులో స్పష్టంగా కనబడితే చాలన్నాను.

"అయితే ఉలి ఇటియ్యుండ్రి."

నుదుటి మీద మూడు నిలువు గీతలు, గడ్డం మీద చుక్కలు చెక్కింది. తల్లి పచ్చబొట్లు అవి. చెక్కిన చోట సిరా అంటదు, కాగితం తెల్లగా మిగులుతుంది. చెయ్యి జారితే సరిదిద్దే వీలుండదు. ఆ భయంతోనే అంతవరకు వాటి జోలికి పోలేదట. "ఎట్లయినా ఖరాబు చేసేదే గద సార్, ఇంకేం భయం" అంది.

రోలరుతో సిరా పూసి రద్దు ప్రింటు తీశాం. నల్లటి ముఖం మీద పచ్చబొట్లు తెల్లగా తేలాయి. అది చూసి కమల బోరున ఏడ్చింది.

"ఇగో, ఇప్పుడు మా అమ్మ. ఆ పదీ మీరు తీస్కపోండ్రి. ఇది మాత్రం నేనియ్య."

రుజువుగా ఆ ప్రింటు ఫొటో తీసి ఫైలులో పెట్టి, ప్రింటు ఆమెకే ఇచ్చేశాను. పదీ ప్రదర్శనకు వెళ్లాయి.

దిమ్మ రద్దు కావాలని నిబంధన. గీత ఎవరు చెక్కాలో, ఎలా ఉండాలో అది చెప్పదు. ఆ తర్వాత ఏ వర్క్‌షాపులోనూ ఇంకొకరి దిమ్మ మీద నేను ఉలి పెట్టలేదు.